కాలేజీ నాటకం: ఐదు వారాలే ఉంది, రిహార్సల్ అసలు సాగడం లేదు

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మాది కాకినాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ, పేరు వద్దులెండి. యూనివర్సిటీ యువజనోత్సవానికి ఏకాంకిక వేద్దామని గురజాడ గారి కన్యాశుల్కం నాటకంలో ప్రథమాంకం తీసుకున్నాం. రెండు స్థలాలు, అంటే రెండు సీన్లు. బొంకులదిబ్బ దగ్గర గిరీశం, వెంకటేశం, ఆ తర్వాత మధురవాణి ఇంట్లో మంచం కింద దాక్కునే గొడవ. నటులు ఆరుగురు, మ్యూజిక్‌కి ఒకడు, లైట్లకి ఒకడు. డైరెక్షన్ నా నెత్తిన పడింది. పోయినేడాది స్కిట్‌లో ఎనిమిది నిమిషాలు చెట్టులా కదలకుండా నిలబడ్డాను, దాంతో వీడికి ఓపిక ఎక్కువ అనుకున్నట్టున్నారు.

సమస్య ఏంటంటే, సాయంత్రం ఐదింటికి అని చెప్తాం, ఐదున్నరకి ఇద్దరు, ఆరింటికి ఇంకో ఇద్దరు వస్తారు, ఆడపిల్లలకి ఆరున్నరకి హాస్టల్ గేటు మూసేస్తారు కాబట్టి వాళ్లు వచ్చిన అరగంటకే వెళ్లిపోతారు. ఉన్నవాళ్లతో మొదటి పేజీ నుంచి మొదలుపెడతాం, ఎవడో డైలాగ్ మర్చిపోతాడు, అందరూ నవ్వుతారు, మళ్లీ మొదటి నుంచి. పది రోజుల్లో గిరీశం మొదటి పేజీ క్యాంటీన్ కుర్రాడికి కూడా నోటికి వచ్చేసింది. మధురవాణి వేసే అమ్మాయి మాత్రం ఇంతవరకూ ఫ్లోర్ మీదకి రానేలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మీరంతా ఎలా చేసేవారో చెప్పండి.

పాతప్రాంప్టర్:
బాబూ, "మళ్లీ మొదటి నుంచి" అనే మాట ఈ రోజు నుంచి మానెయ్. నలభై ఏళ్లు పరిషత్తు నాటికలకి ప్రాంప్టింగ్ చేశాను, అంటే తెర వెనక నుంచి నటులకి మాట అందించడం, విద్యార్థి నాటకాల్ని చంపేది ఆ ఒక్క మాటే. మొదటి పది నిమిషాలు నెయ్యి రాసినట్టు జారిపోతుంది, చివరి పది నిమిషాలు పచ్చిగా ఉంటుంది. జడ్జిలకి గుర్తుండేదేమో చివరి పది నిమిషాలు.

స్క్రిప్టు ముందేసుకుని కూర్చో. ఒక పాత్ర లోపలికి వచ్చినా, ఒక పాత్ర బయటికి వెళ్లినా అక్కడ పెన్సిల్‌తో గీత గియ్యి. గిరీశం ఒంటరిగా ఉన్నది ఒక ముక్క, వెంకటేశం రాగానే రెండోది, ఫొటోల బాకీకి బంట్రోతు రాగానే మూడోది. రెండో స్థలంలో మధురవాణి, రామప్పంతులు ఉన్నది ఒకటి, తలుపు చప్పుడై పంతులు మంచం కింద దూరాక గిరీశంతో ఇంకోటి, పూటకూళ్లమ్మ రాగానే మరోటి. మొత్తం తొమ్మిదో పదో అవుతాయి. ఒక్కోటి మూడు నిమిషాలు. ఏ ముక్కకి ఎవరు కావాలో చార్టు మీద రాసి గోడకి అంటించు. ఇక ఎవరో రాలేదని రిహార్సల్ ఆగదు, ఉన్నవాళ్ల ముక్క తీస్తావు. బంట్రోతు వేసేవాణ్ణి వారంలో ఆరు రోజులు మూల కూర్చోబెట్టక్కర్లేదు, వాడి ముక్క ఉన్న రోజే రమ్మను. ఊరికే కూర్చోబెట్టిన నటుడే మర్నాడు ఆలస్యంగా వస్తాడు, తప్పు వాడిది కాదు.

ఆడపిల్లల ముక్కలు ముందు పెట్టుకో, 4:45 నుంచి 6:15 దాకా. గిరీశం, వెంకటేశం మగపిల్లలే కదా, వాళ్ల సంగతి ఆ తర్వాత చూడొచ్చు. అంటే నాటకంలో ముందు వచ్చేది రిహార్సల్‌లో తర్వాత వస్తుంది. అలవాటయ్యేదాకా వింతగా ఉంటుంది, అంతే.

ఓరుగల్లుపిల్ల:
బాబాయ్ గారు చెప్పింది కరెక్ట్. నేనొకటి కలుపుతా. అటెండెన్స్ నువ్వు తీసుకోకు తమ్ముడూ. డైరెక్టర్ "ఎందుకు లేటు" అని అడిగితే కొట్లాట అయితది, వేరేవాళ్లు నోట్‌బుక్కులో టైం రాసుకుంటే అది ఉత్త లెక్క. మా టీంలో ఒక సివిల్ అమ్మాయి స్టేజ్ మేనేజర్. యాక్టింగ్ అంటే భయం, కానీ చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఎవరు ఎన్నింటికి వచ్చిండ్రు, ఇయ్యాల ఏ ముక్క చేసినం, ఎవరు ఎటు నుంచి ఎటు నడవాలి, రేపు ఏం కావాలి, అన్నీ ఆమె బుక్కులనే. ఒక రోజు నాకు జ్వరం వస్తే ఆ బుక్కు పట్టుకుని ఆమే రిహార్సల్ నడిపించింది.

ఇంకోటి, టైం అయినంక వచ్చినవాళ్ల కోసం ఎదురుచూడకు. ఇద్దరే ఉన్నా సరే, మొదలుపెట్టు. పది నిమిషాలు ఒళ్లు విదిలించుడు, గొంతు సాఫ్ చేసుకునుడు, ఒక ఆట. మేం చప్పట్ల ఆట ఆడేది, గుండ్రంగా నిలబడి ఒకరి కళ్లల్లోకి చూసి చప్పట్టు "ఇచ్చుడు", వాళ్లు ఇంకొకరికి ఇచ్చుడు. పిచ్చి ఆట లెక్కనే అనిపిస్తది గానీ, డైలాగ్ అందుకునే అలవాటు అక్కడే వస్తది. లేటుగా వచ్చినోళ్లు ఆట మధ్యల జొరబడలేక బయట నిలబడి చూస్తుండేది. నాలుగో రోజుకి అందరూ టైంకే వచ్చిండ్రు. ఎవ్వరినీ ఒక్క మాట అనలే.

రూల్స్ కాగితం చదివినవా? అఖిల భారత యూనివర్సిటీల యువజనోత్సవం పద్ధతిల అయితే ఏకాంకికకు 30 నిమిషాలు మించొద్దు, నటులు తొమ్మిది మంది దాకా, పక్క సాయానికి ముగ్గురు. స్టేజి సర్దుకోనీకి 10 నిమిషాలు ఇస్తరు. ముందు చెప్పే పరిచయం కూడా ఆ 30లోనే. మీ యూనివర్సిటీ ఏమన్నా మార్చిందేమో చూసుకో.

గోదారిగట్టు:
పరిచయం కూడా లెక్కేనా అక్కా! మేము గురజాడ గారి గురించి రెండు నిమిషాల ఉపన్యాసం పెట్టుకున్నాం. తీసేస్తున్నా. చార్టు ఈ రాత్రికే రాస్తా.

విజయనగరంవాణ్ణి:
ఉపన్యాసం తీసెయ్, మంచి పని. 1892లో మా ఊళ్లో మొదటిసారి ఆడినప్పటి నుంచి ఈ నాటకానికి పరిచయం చేసేవాళ్లకి కొదవలేదు, ఆడేవాళ్లకే కొరత.

అసలు సంగతికొస్తే, మీరు లేచి నిలబడటానికి తొందరపడ్డారని నా అనుమానం. గోదావరి జిల్లా పిల్లలకి ఆ భాష చదవగానే అర్థమైపోయినట్టు ఉంటుంది, కానీ కాదు. నాలుగు రోజులు కేవలం కూర్చుని చదవండి. ఒకరి డైలాగ్ ఒకరు చదవకుండా, ఎవరి పాత్ర వాళ్లు, గట్టిగా, నటించకుండా. అర్థం కాని మాట వచ్చినప్పుడు ఆగి అడగాలి, తెలిసినట్టు దాటెయ్యకూడదు. మా పిల్లలతో చేసినప్పుడు పూటకూళ్ల ఇల్లు అంటే ఏంటో ఆరుగురిలో నలుగురికి తెలియదు. హోటల్ అనుకున్నారు, పర్లేదు, దగ్గర్లోనే ఉన్నారు. కానీ డబ్బు తీసుకుని ఇంట్లో వండి పెట్టే ఒక విధవ, ఆవిడ డబ్బులే గిరీశం కాజేశాడు అని తెలిశాక, పూటకూళ్లమ్మ వేసే అమ్మాయి వాణ్ణి కొట్టడానికి చీపురుకట్ట పట్టుకునే తీరే మారిపోయింది. ఎవరూ నేర్పలేదు.

ఇంకో మాట. 1955 సినిమా చూడొద్దని గట్టిగా చెప్పు. గిరీశంగా ఎన్టీఆర్, మధురవాణిగా సావిత్రి. చూశారా, ఇక మీ పిల్లలు గురజాడని వదిలేసి వాళ్లని అనుకరిస్తారు. ప్రదర్శన అయ్యాక చూసుకోమను.

గోదారిగట్టు:
ఆలస్యమైపోయింది సార్. మా గిరీశం యూట్యూబ్‌లో ఆరుసార్లు చూశాడు.

పాతప్రాంప్టర్:
అయితే వాడితో మొదటి స్థలం ఒకసారి గుసగుసగా చెప్పించు, ఇంకోసారి పరిగెత్తుతూ చెప్పించు, ఇంకోసారి వెంకటేశానికి జడ వేస్తున్నట్టు అభినయిస్తూ చెప్పించు. అరువు తెచ్చుకున్న గొంతు పరుగులో నిలవదు.

అన్నట్టు, విద్యార్థులతో నాటకం అంటే చిన్నచూపు వద్దు ఎవరికీ. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు తెలుగు నాటకాన్ని రంగం మీదకి తెచ్చింది తన విద్యార్థులతోనే.

తెరవెనక:
ఒక విషయంలో నేను ఒప్పుకోను. పైన ఎవరూ అనలేదు గానీ అనబోతున్నారని చెప్తున్నా, "డైరెక్టర్ చేసి చూపించకూడదు" అనే సిద్ధాంతం. యూనివర్సిటీలో థియేటర్ చదువుకున్నవాళ్లకి అది సరిపోతుందేమో. ఐదు వారాల్లో, మధ్యలో మిడ్ ఎగ్జామ్స్ పెట్టుకుని, ఎప్పుడూ స్టేజి ఎక్కని పిల్లాణ్ణి "నీ అంతరంగంలో వెతుకు" అంటే వాడు వాట్సాప్‌లో వెతుక్కుంటాడు. నేను చేసి చూపిస్తాను, సిగ్గుపడను.

రంగస్థలం_ఎమ్మే:
చదువుకున్నవాళ్లలో ఒకదాన్ని కాబట్టి జవాబు చెప్తాను అన్నా. నడక, చెయ్యి ఎక్కడ పెట్టాలి, దెబ్బ ఎలా తప్పించుకోవాలి, ఇవి చూపించండి, తప్పదు. డైలాగ్ ఎలా అనాలో చూపించకండి. నేనూ మొదట్లో చూపించేదాన్ని. ప్రదర్శనలో చూస్తే ఆరుగురూ నాలాగే మాట్లాడుతున్నారు, మా అమ్మ ముందు వరసలో కూర్చుని "అందరూ నీలాగే ముక్కుతో మాట్లాడుతున్నారేంటే" అంది. అప్పటి నుంచి డైలాగ్ దగ్గర ఒకటే అడుగుతా: "ఎదుటివాళ్ల నుంచి నీకేం కావాలి ఇప్పుడు?" గిరీశానికి వెంకటేశం నుంచి కావాల్సింది శిష్యుడి గౌరవం కాదు, వాళ్ల ఊళ్లో సెలవులకి తిండి, మకాం. అది తెలిస్తే గొంతు దానంతటదే దారిలో పడుతుంది.

తెరవెనక:
ముక్కు సంగతి ఒప్పుకుంటున్నా.

డల్లాస్అత్త:
మా తెలుగు సంఘం పిల్లలతో రెండేళ్లుగా చేయిస్తున్నాను, అందుకని ఒక మాట. మాకు వారానికి ఒక్క ఆదివారం, రెండు గంటలు. అందులో డైలాగులు అప్పజెప్పించుకుంటూ కూర్చుంటే ఇక నాటకం ఎక్కడ? అందుకే వారం మధ్యలో రాత్రి ఎనిమిదింటికి ఇరవై నిమిషాలు ఫోన్లో, డైలాగులు మాత్రమే. మావాళ్లు స్క్రిప్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు, "కళ్ళు" కాస్తా "కల్లు" అయ్యి పెద్దవాళ్లు నవ్వుకుంటారు. ఆ దిద్దుడంతా ఫోన్లోనే. ఆదివారం వచ్చారంటే పుస్తకం లేకుండా నిలబడటమే. మీకు హాస్టల్ గేటు అడ్డం అన్నావు కదా నాన్నా, గేటు మూసినా ఫోన్ పని చేస్తుందిగా.

గోదారిగట్టు:
అత్తా మీరు దేవత. రాత్రి తొమ్మిదింటికి గ్రూప్ కాల్ మొదలుపెట్టాం. మధురవాణి, పూటకూళ్లమ్మ, పంతులు ముగ్గురికీ ఐదు రోజుల్లో వచ్చేసింది. గిరీశానికి ఎక్కువ ఉంది కాబట్టి ఎదుటివాళ్ల డైలాగులు ఫోన్లో రికార్డు చేసి, తనవి ఉన్న చోట ఖాళీ వదిలి, బస్సులో వింటూ మధ్యమధ్యలో గొణుక్కుంటున్నాడు. కండక్టర్ వింతగా చూస్తున్నాడట.

ఒక సందేహం. పుస్తకం ఎప్పుడు వదిలించాలి? ప్రాంప్టింగ్ ఉంచాలా?

పాతప్రాంప్టర్:
నా పొట్ట నేనే కొట్టుకుంటున్నట్టు ఉంటుంది గానీ చెప్తా. రెండో వారం చివర ఒక తేదీ పెట్టుకో. ఆ రోజు నుంచి ఎవరి చేతిలోనూ పుస్తకం ఉండకూడదు. ఒక వారం దాకా "లైన్" అని అడిగితే స్టేజ్ మేనేజర్ మూడు మాటలు అందిస్తుంది, అంతకంటే ఎక్కువ కాదు. అడగకుండా అందించకూడదు, నటుడు కావాలని ఆగాడేమో మనకేం తెలుసు. ఆ తర్వాత అదీ బంద్. మర్చిపోతే మర్చిపోనీ, పక్కవాడు లాక్కొస్తాడు. వెనక గొంతు ఉందని తెలిస్తే నటుడి చెవి స్టేజి పక్కన ఆ వింగ్ వైపే ఉంటుంది, ఎదుటి మనిషి మాట వినడు. మా కాలంలో ఒక హీరో గారు నా వైపే తిరిగి హీరోయిన్‌కి ప్రేమ చెప్పాడు. ప్రేక్షకులు నాకూ ఆయనకీ ఏదో ఉందనుకున్నారు.

పద్యాల గడ్డ:
పౌరాణికాలకి ఈ లెక్క కుదరదండీ. పద్యం ఎత్తుగడ అందించేవాడు ఉండాల్సిందే.

పాతప్రాంప్టర్:
అది వేరే బడి. ఈ అబ్బాయి సాంఘికం గురించి అడిగాడు.

గోదారిగట్టు:
మూడో వారం. అంతా బాగానే సాగుతోంది అనుకుంటుండగా నిన్న ఒక గొడవ. మంచానికి బదులు క్లాసురూం బెంచీలు రెండు కలిపాం. కింద పంతులు, గిరీశం ఇద్దరూ దూరాలి, పూటకూళ్లమ్మ చీపురుతో పొడవాలి, గిరీశం జారుకోవాలి, దెబ్బ పంతులికి తగలాలి. అమ్మాయి పాత్రలో లీనమైపోయి నిజంగానే బాదేసింది. కొబ్బరి ఈనెల చీపురు. పంతులు వేసేవాడి చెవి మీద గీసుకుపోయి రక్తం వచ్చింది. నేను కోపంలో అందరి ముందూ ఆ అమ్మాయిని తిట్టాను. ఆమె ఏడ్చి వెళ్లిపోయింది. ఈ రోజు రాలేదు. చెవి తెగినవాడు మాత్రం నవ్వుతూ వచ్చాడు.

ఓరుగల్లుపిల్ల:
ముందు పోయి సారీ చెప్పు. ఫోన్లో కాదు, అందరి ముందు తిట్టినవ్ కాబట్టి అందరి ముందే.

రంగస్థలం_ఎమ్మే:
అక్క చెప్పింది చేశాక ఇది చదువు. తప్పు ఆ అమ్మాయిది కాదు, దెబ్బని కంపోజ్ చేయకుండా వదిలేసిన నీది. డాన్సుకి స్టెప్పులున్నట్టే దీనికీ ఉంటాయి. దెబ్బ తినేవాడే దెబ్బని నడిపిస్తాడు, కొట్టేవాళ్లు కాదు. పంతులు మంచం కోడు మీద రెండుసార్లు వేలితో తడతాడు, అది "నేను సిద్ధం" అని. అది వినపడ్డాకే చీపురు పైకి లేస్తుంది. లేచేటప్పుడు పెద్దగా, ప్రేక్షకులకి కనపడేలా. దిగేటప్పుడు తల, మెడ వైపు అసలు కాదు, మనిషికి జానెడు అవతల నేల మీద. కుర్రాడు ప్రేక్షకులవైపు వీపు చూపిస్తూ పడుకుంటే నేలకీ వీపుకీ మధ్య ఖాళీ కనపడదు. చప్పుడు నేలది, అరుపు వాడిది, కోపం ఆమెది. మూడూ ఒక్క క్షణంలో పడితే హాలంతా "అబ్బా" అంటుంది.

మొదట మూడు రోజులు నీళ్లలో నడుస్తున్నంత నెమ్మదిగా, లెక్కపెడుతూ చెయ్యండి. ఆ తర్వాత సగం వేగం. పూర్తి వేగం చివరి పది రోజుల్లోనే. ప్రతిరోజూ రిహార్సల్ మొదలుపెట్టే ముందు ఆ అర నిమిషం ముక్క ఒకసారి నెమ్మదిగా చేసి చూసుకోవాలి, ప్రదర్శన రోజు కూడా. ఈనెల చీపురు పారేసి కొండచీపురు తెచ్చుకోండి, మెత్తగా ఉంటుంది. కొత్తది వద్దు, నూగు రాలి కింద ఉన్నవాడికి తుమ్ములొస్తాయి.

తెరవెనక:
నోట్స్, అంటే నటులకి చెప్పే దిద్దుబాట్ల సంగతి కూడా చెప్పాలి ఈ సందర్భంలో. రన్, అంటే నాటకం మొదటి నుంచి చివరిదాకా ఆడి చూసుకోవడం, దాని మధ్యలో ఆపి తిట్టే అలవాటు నాకూ ఉండేది, మాకు నేర్పిన ఒక సార్ దగ్గర అంటుకుంది. ఆయన రాత్రి రెండింటిదాకా రిహార్సల్ చేయించేవాడు, అరిచి అరిచి మా హీరోకి ప్రదర్శన రోజు గొంతు పూర్తిగా పోయింది, గంట కొట్టాక తెర వెనక వాడు వేడినీళ్లు తాగుతూ ఏడుస్తున్నాడు. ఇప్పుడు నేను రన్ మొదలైతే ఆపను, ఏం జరిగినా. కాగితం మీద రాసుకుంటా, అయిపోయాక మనిషికి రెండే రెండు చెప్తా, మిగతావి దాచుకుంటా. ఎనిమిది చెప్తే ఒక్కటీ గుర్తుండదు. చివరి రెండు రోజులు పూర్తి గొంతుతో రన్ పెట్టకు, సగం గొంతుతో కదలికలు చూసుకుంటే చాలు.

లైట్లబాబాయ్:
అందరూ నటుల గురించే మాట్లాడుతున్నారు. లైట్లవాణ్ణి, మ్యూజిక్ వాణ్ణి ఏ రోజు నుంచి పిలుస్తున్నావు? చాలామంది ప్రదర్శన రోజు పొద్దున పిలుస్తారు. వాడు స్విచ్‌బోర్డు దగ్గర నిలబడి "ఇప్పుడా, ఇప్పుడా" అని అడుగుతుంటాడు. మూడో వారం నుంచి రన్‌కి రానీ, చేతిలో స్క్రిప్టు, ఏ మాట మీద లైటు తగ్గాలో పెన్సిల్ గుర్తు. లైటు లేకపోయినా "తగ్గింది" అని నోటితో అననీ.

ఆ హాలు కొలతలు తెప్పించుకో. స్టేజి వెడల్పెంత, లోతెంత. అదే సైజులో క్లాసురూం నేల మీద సుద్దముక్కతో గియ్యి. మీ మంచం అసలుది ఎక్కడ నుంచి వస్తుంది? దాని ఎత్తెంత? బెంచీ ఎత్తు వేరు, మంచం ఎత్తు వేరు. ఇద్దరు ఎదిగిన మగపిల్లలు దూరాలి, మర్చిపోకు.

గోదారిగట్టు:
అందరి ముందూ క్షమాపణ అడిగాను. ఆమె వచ్చింది. "మళ్లీ తిడితే ఈసారి చెవి నీది" అంది. దెబ్బ ముక్క నెమ్మదిగా చేస్తున్నాం, నిజంగానే డాన్సులా ఉంది.

బాబాయ్ గారూ, మీ మాట విని మంచం కొలిచాం. హాస్టల్ వంటమనిషి గారి నులకమంచం. కింద పద్నాలుగు అంగుళాలే. మా గిరీశం పొట్ట పట్టదు. కోళ్ల కింద ఇటుకలు పెడుతున్నాం, చుట్టూ దుప్పటి వేలాడదీస్తే ఇటుకలు కనపడవు. బెంచీలు తీసేసి ఇప్పటి నుంచే దాంతోనే చేస్తున్నాం.

రన్ 28 నిమిషాలు వస్తోంది. సరిపోయినట్టేనా?

ఓరుగల్లుపిల్ల:
సరిపోదు. ఖాళీ క్లాసురూంల 28. జనం ముందు నవ్వులొస్తయి, నవ్వు ఆగేదాకా నటుడు ఆగాలె. ఇంకో మూడు నిమిషాలు కొయ్యి. ఒకసారి పక్క బ్రాంచి వాళ్లని ముప్పై మందిని కూర్చోబెట్టి టైం చూడు.

గోదారిగట్టు:
ఈసీఈ వాళ్లని పిలిచాం. 31 నిమిషాల 40 సెకన్లు! చీపురు దగ్గరే నిమిషం పైన నవ్వారు. మొదటి స్థలంలో గిరీశం గొప్పలు కొన్ని కోసేశాం, వాడు అలిగాడు, సాయంత్రానికి మామూలైపోయాడు. ఇప్పుడు ఖాళీగా 25.

గోదారిగట్టు:
వేసొచ్చాం!! 28 నిమిషాల 50 సెకన్లు. రెండో బహుమతి. మధురవాణి వేసిన అమ్మాయికి ఉత్తమ నటి. తెర లేచిన నాలుగో నిమిషంలో మైక్ పోయింది, ఎవరూ ఆగలేదు, గొంతు పెంచి లాగించేశారు. నేను వింగ్‌లో గోళ్లు కొరుక్కుంటూ ఏమీ చెయ్యలేక నిలబడ్డాను, మళ్లీ చెట్టులా. మంచం మోసుకెళ్లిన ఆటోవాడు లోపలికొచ్చి చూసి తిరుగు ఛార్జీలో యాభై తగ్గించాడు.

ఇప్పుడు కొత్త సమస్య. పై స్థాయికి రెండో బహుమతి వాళ్లని కూడా పంపుతారట. పంతొమ్మిది రోజులుంది. మా వెంకటేశానికి సరిగ్గా ఆ రోజే సప్లిమెంటరీ పరీక్ష. కొత్తవాడు ఫస్టియర్, ఒక్క డైలాగూ రాదు.

పాతప్రాంప్టర్:
వెంకటేశం ఉన్నవి రెండు, మూడు ముక్కలేగా. పాతవాణ్ణి పక్కన కూర్చోబెట్టి కొత్తవాడికి నడక వాడితోనే నేర్పించు. స్టేజ్ మేనేజర్ బుక్కు ఉందిగా. రేపు 4:45కి రెండో ముక్క.

గోదారిగట్టు:
రేపు ఆదివారం సార్.

పాతప్రాంప్టర్:
అయితే పొద్దున తొమ్మిదింటికి.